మేం సర్దుకున్నామండి

“రేపట్నుంచి తెల్లారకముందే వంటైపోవాలి” అన్నాడు మొగుడు, చెయ్యి కడుక్కుంటూ. ఎండలు ముదిరిపోయాయి, పొద్దెక్కితే పొలంలో నిలబడలేకపోతున్నారు. కాబట్టి చీకట్లోనే వెళ్ళి, ఎండ చురుక్కుమనేసరికి తిరిగొచ్చేస్తారట. మంచి ఉపాయమే, ఎవరు కాదంటారు? అప్పట్నుంచి ఆయన తిరిగొచ్చి వసారాలో నడుం వాల్చే వేళకి, ఆమె రేకుల కప్పు కింద రెండోసారి పొయ్యి ముట్టించేది. ఆయన పని ముందుకు జరిగిందంతే. ఆమె పని ముందుకూ జరిగింది, వెనక్కూ సాగింది. మధ్యలో ఉన్న కాస్త నిద్రా పోయింది.

వానలు మొహం చాటేశాక ఆ ఇల్లు చాలానే నేర్చుకుంది. వరి మానేసి కంది వేశారు. పెరటి బావీ బోరూ ఎండిపోతే ఊరవతల బావి నుంచి నీళ్ళు తెచ్చుకున్నారు. మోసిందెవరంటారా? అది కూడా అడగాలా! లేత మిరప నారుకి ఎండ కొట్టకుండా మడి మీద పచ్చటి వల కప్పించాడు ఆయన.

“ఏమండీ, మిగిలిన ముక్క వంటింటి రేకుల మీద వేయిస్తే బాగుంటుంది. లోపల నిలబడలేకపోతున్నాను” అందామె. అప్పటికి కడుపుతో ఉంది.

“నారు వాడిపోతే మళ్ళీ వస్తుందా ఏంటి? నువ్వు కాస్త సర్దుకో” అన్నాడు. ఆ ముక్కని కూడా నారుమడికే రెండో పొరగా వేయించాడు.

“మేం కనలేదా తల్లీ? నీళ్ళు మోస్తూ మోస్తూనే నీ మొగుణ్ణి కన్నాను” అంది అత్తగారు. ఆవిడ మోసింది పెరట్లోంచి వంటింట్లోకి. ఆ సంగతి ఆవిడకి గుర్తు చేసే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికుంది?

ఏడో నెలలో ఓ మధ్యాహ్నం నీళ్ళు తెస్తూ దారిలోనే కూలబడిపోయింది. కళ్ళు తెరిచేసరికి ఆసుపత్రి మంచం. “ఇంత ఎండలో బిందెలు మోస్తావా? నీకేం బుద్ధుందమ్మా?” అని కసిరిన నర్సు, ఆ వెంటనే మొహం పక్కకి తిప్పుకుంది. ఆడపిల్ల. తలనిండా జుట్టు. గుడ్డలో చుట్టి ఒక్కసారి చూపించారు, తీసుకెళ్ళిపోయారు.

ఇంటికొచ్చాక “ఒంట్లో ఎలా ఉంది?” అన్నారు, “రేపు లేవగలవా?” అన్నారు. పాప అన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. ఆమెకి ఏడుపొస్తే అత్తగారు “ఊరుకో, వాడికసలే పొలం బెంగ” అనేది. ఆయన లేచి నారుమడి వైపు వెళ్ళిపోయేవాడు. ఆమె అడిగింది పెద్ద కోరికేం కాదు, అసలు నోరు తెరిచి అడగనూ లేదు. ఆయన ఒక్కసారి, ఎవరి దగ్గరైనా సరే, మా పాప పోయింది అనాలి. ఆ మాట చెవిన పడితే చాలు, కరువుతీరా ఏడ్చి మళ్ళీ మనిషవుతుంది. ఎదురుచూసింది. పిచ్చి మొహం, నెలలపాటు ఎదురుచూసింది.

ఓ రోజు పట్నం నుంచి ఇద్దరొచ్చారు, ఈ ఎండల్ని రైతు కుటుంబాలు ఎలా తట్టుకుంటున్నాయో అడిగి తెలుసుకోవడానికి. వసారాలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, ఆమె గుమ్మం లోపలే నిలబడింది.

“మేం సర్దుకున్నామండి” అన్నాడు ఆయన ఛాతీ విరుచుకుని. చీకటిపని గురించి, కంది గురించి, పచ్చటి వల గురించి వరసగా చెప్పాడు. అబ్బో, ఆ ‘మేం’ ఎంత నిండుగా పలికిందో!

“మరి, ఏమేం నష్టపోయారు?” అని అడిగింది వచ్చినావిడ.

ఆమె ఆయన మొహంలోకే చూసింది. చెప్పండి. ఇప్పుడైనా చెప్పండి.

“నిరుటి పంట మొత్తం పోయిందండి. బోరు పోయింది. నిమ్మచెట్లు నిలువునా ఎండిపోయాయి...” అంటూ ఆగాడు. ఆమె గుమ్మాన్ని గట్టిగా పట్టుకుంది. ఆయన తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. “మొన్నీమధ్యే దూడ చచ్చిపోయిందండి. కన్నబిడ్డలా చూసుకున్నాను. రెండ్రోజులు నాకు ముద్ద దిగలేదంటే నమ్మండి.”

“అయ్యో... ఇంకేమైనా?”

“ఇంకేం లేదండి.”

ఆమె గడప దాటింది. అత్తగారు కొంగు పట్టుకుని “ఎక్కడికే, లోపలికి రా!” అని గుంజింది. విడిపించుకుంది. ఆయన వంక చూడలేదు.

“ఉందండి” అంది పట్నం నుంచి వచ్చినావిడతో. “నాకో ఆడపిల్ల. దూడకంటే ముందే పోయింది.”