నాలుగు కేకులూ మామగారి షుగరూ

మామగారి షుగరు రిపోర్టు వచ్చిన సాయంత్రం ఆ ఇంట్లో అందరి చూపూ వంటింట్లోని ఓవెన్ మీద పడింది.

ఆ ఓవెన్ కోడలిది. ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంది కాబట్టి వీధి వీధంతా ఆమెను కేకులక్క అంటుంది. ఆర్డరు కేకులకు అంచులు చెక్కేటప్పుడు రాలిన ముక్కలన్నీ మామగారి గిన్నెలోకి పోవడం ఆమె కాపురానికొచ్చిన నాటి నుంచీ ఉన్న అలవాటు. ఆయన గడియారాలు బాగుచేస్తారు. వీధి చివర చిన్న కొట్టు. ఎంత చిన్న మర సడలినా కనిపెట్టే ఆ కళ్ళు గిన్నెలో ముక్క తగ్గినా ఇట్టే కనిపెట్టేవి.

రిపోర్టు చదివింది ఆడపడుచు. ఆసుపత్రిలో నర్సు. ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అనలేదు.

"ఇంట్లో తీపి ఫ్యాక్టరీ పెట్టుకుంటే ఇలా కాక ఎలా ఉంటుంది? నాన్నకి ఈ రోగం తెచ్చింది నీ కేకులే వదినా!" అనేసింది.

కోడలి మనసు చివుక్కుమంది. మొగుడి వైపు చూసింది. ఆ మహానుభావుడు పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని, చదివిన పేజీనే మళ్ళీ చదువుతున్నాడు.

"సరే, పంచదార మానేస్తాను," అంది కోడలు. "తేనె, బెల్లం, ఖర్జూరం, ఆ స్టీవియా ఆకు పొడి. రోజుకో రకం కేకు చేస్తాను. మామయ్యగారు నాలుగింటికి కొట్లో ఒకే ఒక్క ముక్క తింటారు. ఆరింటికి ఇంటికి రాగానే నువ్వు షుగరు చూడు. ఏది మంచిదో అదే తేలుతుంది."

"తేల్చడానికేముంది? తేనెను మించింది లేదు. నేను రోజూ పొద్దున్నే నీళ్ళలో కలుపుకుని తాగుతాను," అంది ఆడపడుచు.

"నాకేం అభ్యంతరం లేదర్రా," అన్నారు మామగారు, ఎవరూ అడగకుండానే.

మొదటిరోజు తేనె. లోపల ఇంకా పచ్చి వదలకముందే పైన కేకు నల్లబడిపోయింది. తేనె తొందరగా మాడుతుందని, సెగ తగ్గించాలని, పాలు కూడా తగ్గించి పొయ్యాలని కోడలికి అప్పుడు తెలిసొచ్చింది. రెండోరోజు బెల్లం. కరిగించి వడకడితే గుడ్డలో చారెడు ఇసుక మిగిలింది గానీ, ఓవెన్ తలుపు తెరవగానే వచ్చిన వాసనకి పక్కింటివాళ్ళు కిటికీలు తెరిచారు. మూడోరోజు ఖర్జూరం. నానబెట్టి రుబ్బి వేస్తే కేకు మెత్తగానే వచ్చింది, కాకపోతే ఇటుకంత బరువు. నాలుగోరోజు స్టీవియా. కప్పు పంచదార చేసే పని చిటికెడు పొడి చేసేస్తుంది. మరి ఆ కప్పు జాగా ఎవరు నింపుతారు? కేకు చెప్పు అడుగులా పల్చగా పడుకుంది.

"ఎలా ఉంది మామయ్యా?" అని అడిగింది ఆ సాయంత్రం.

"పొగడ్తలా ఉందమ్మా. ముందు తియ్యగా ఉంటుంది, తర్వాత చేదు తెలుస్తుంది."

ఆడపడుచు ఆయన వేలికి సూది పొడిచి మీటరు చూసి కొయ్యబారిపోయింది. తేనె రోజున రెండువందల పన్నెండు, బెల్లానికి రెండువందల పదిహేను, ఖర్జూరానికి రెండువందల ఐదు. స్టీవియాకి రెండువందల నలభై ఎనిమిది!

"ఆకు పొడి షుగరు పెంచడమా? చాన్సే లేదు. వదినా, నిజం చెప్పు. చేదు పోవాలని పంచదార గానీ కలిపావా?"

కోడలు స్టీవియా డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు కేకు లేదు. మధ్యాహ్నం పనంతా ఆపేసి, చెప్పాపెట్టకుండా మామగారి కొట్టుకి నడిచింది. ఆయన ఒక కంటికి భూతద్దం బిగించుకుని, గుమ్మానికి వీపు పెట్టి గడియారం మీద వంగి ఉన్నారు. కోడలి కన్నా ఒక్క అడుగు ముందు, ఎదురు బడ్డీలోని టీ ఆవిడ గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్ళింది.

"పెద్దాయనా, ఇవాళ్టికి ఇది ఆరోది. నిన్న చేదు కేకు తిన్నానని మూడేసి చెంచాలు వేయించుకున్నారు, ఇదీ అంతేనా?"

"రెండు చాలమ్మా," అన్నారు మామగారు తల తిప్పకుండా. "ఒంట్లో అంత బాగోలేదు."

"మామయ్యా!"

భూతద్దం ఊడి బల్ల మీద పడింది. ఆయన తేలు కుట్టిన దొంగలా చూసి, "తీపి మానెయ్యమన్నారని తీపి మానేశానమ్మా. ఇది టీ కదా," అన్నారు.

కోపమూ నవ్వూ ఒక్కసారే తన్నుకొచ్చాయి కోడలికి. నవ్వే గెలిచింది. ఆడపడుచుకి ఫోన్ చేస్తే, డ్యూటీ బట్టలు కూడా మార్చుకోకుండా వచ్చి వాలింది. టీ ఆవిడను నిలబెట్టి అడిగి, వేళ్ళు మడిచి, "రోజుకి పన్నెండు చెంచాలా నాన్నా!" అని నెత్తి పట్టుకుంది.

తిరిగొచ్చేటప్పుడు ఇద్దరూ కలిసి నడిచారు. మందుల షాపు దాటాక ఆడపడుచే ఆగింది.

"రెండుసార్లు మాట తూలాను వదినా. మనసులో పెట్టుకోకు."

"మామయ్య నా అంచుల ముక్కలూ తక్కువ తినలేదులే. తిలాపాపం తలా పిడికెడు," అంది కోడలు.

ఆ మర్నాటి నుంచి మామగారికి చప్పటి టీ, అదీ రోజుకి రెండే. పరీక్ష మళ్ళీ మొదటి నుంచీ పెట్టారు. ఈసారి అంకెలన్నీ కిందికి దిగాయి. తేనెకీ బెల్లానికీ పట్టుమని నాలుగు పాయింట్ల తేడా కూడా లేదు. ఖర్జూరం కాస్త నయం. స్టీవియా అన్నిటికన్నా తక్కువ, అయినా కేకు తినని రోజుకన్నా కొంత ఎక్కువే. ఎందుకంటే పిండి కూడా ఒంట్లోకి వెళ్ళాక చక్కెరే అవుతుందని నర్సు ఆలస్యంగా గుర్తుచేసుకుంది.

"అయితే నీ తేనె?" అని పేపరు వెనక నుంచి అన్నగారు అందుకున్నాడు.

"ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోడానికి," అని ఒప్పుకుంది చెల్లెలు మూతి ముడుచుకుని.

ఆఖరికి కోడలు సగం పిండి తీసేసి బాదం పొడి వేసి, నాలుగంటే నాలుగే ఖర్జూరాలతో చిన్న కేకు చేసింది. ఆదివారం ఒక్క ముక్క, అగ్గిపెట్టెంత, తిన్నాక వీధి చివరిదాకా రెండుసార్లు నడక. మామగారు మాత్రం తన ఓటు బెల్లానికే అన్నారు. ఆ ఓటు చెల్లదన్నారు ఆడవాళ్ళిద్దరూ ఒకే గొంతుతో. అలా ఇద్దరూ ఒకే మాట మీద నిలబడటం ఆ ఇంట్లో అదే మొదలు.

మూడు నెలల తర్వాత రిపోర్టులో షుగరు బాగా తగ్గి వచ్చింది. నా కేకు వల్లేనని కోడలు, నా సూది వల్లేనని ఆడపడుచు, నా నడక వల్లేనని మామగారు పోట్లాడుకున్నారు. పుట్టినరోజు కేకు ఆర్డరివ్వడానికొచ్చిన టీ ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా విని, "చాల్లెండి. ఆయన ఇంకా రోజూ వచ్చి పంచదార టీ అడుగుతూనే ఉన్నారు. నేనే ఇవ్వడం లేదు," అంది.