పద్దెనిమిది చెంచాల స్ట్రాట్టు

పరీక్షకు నలభై నిమిషాల ముందు నేను సీసా మార్చాను.

శీతల గది తాళం నా దగ్గరే ఉంటుంది. లోపల మా అమ్మ చేసిన స్ట్రాట్టు. ఆగస్టు ఎండలో నాలుగు రోజులు చెక్కబల్ల మీద పరిచి, ఉప్పు వేసి, చేత్తో కలియబెడుతూ ఆరబెట్టిన టమాటా ముద్ద. అమ్మ పోయి ఐదేళ్లయింది. ఆమె చేతి వంటలో ఈ లోకంలో మిగిలింది ఆ సీసా అడుగున ఉన్న పద్దెనిమిది చెంచాలు.

ఆ సీసాను ఇచ్చింది నేనే. గ్యాసు మంట లేకుండా, అద్దాలతో ఎండను పోగేసి, ఆ ఆవిరితో స్ట్రాట్టు చేయాలన్న ప్రాజెక్టు నాలుగేళ్ల క్రితం మా పకీనో ఊరి టమాటా ఫ్యాక్టరీకి వచ్చింది. అద్దాలు గ్రీసు వాళ్లవి, యంత్రాలు స్పెయిన్ వాళ్లవి, నాలుకలు మావి. పోల్చి చూడటానికి అసలైన చేతి సరుకు కావాలన్నారు. గొప్పగా తెచ్చి బల్ల మీద పెట్టాను. ప్రతి పరీక్షకూ అది తరిగిపోతుందని ఆ రోజు తోచలేదు. పరీక్ష నడిపేది నేను, నడిపేవాళ్లు రుచి చూడకూడదు. నాలుగేళ్లుగా మా అమ్మ స్ట్రాట్టును పన్నెండు మందికి తినిపించాను. నేను మాత్రం వేలితో కూడా ముట్టలేదు.

ఇవాళ్టిది చివరి పరీక్ష. ఇది పూర్తయితే సీసా ఖాళీ. అందుకే అలాంటి సీసాలోనే యంత్రం సరుకు నింపి దాని చోట పెట్టాను. అమ్మది మంచు సంచుల మధ్య నా చేతిసంచిలోకి వెళ్లింది.

పరీక్ష తేలికైనదే. ఒక్కొక్కరికీ మూడు గిన్నెలు. రెండింటిలో ఒకటే సరుకు, మూడోదానిలో వేరేది. మొత్తం ముప్పై ఆరు గిన్నెల్లో సగం అమ్మది, సగం యంత్రానిది. రంగు కనబడకుండా ఎర్ర దీపం. పన్నెండు మందిలో ఎనిమిది మంది వేరేదాన్ని పట్టేస్తే యంత్రం ఓడినట్టు. మూడూ ఒకటే అయితే ఎవరు పట్టగలరు? యంత్రం గెలుస్తుంది, అమ్మ నాకు మిగులుతుంది. నష్టం ఎవరికి అని నాకు నేనే చెప్పుకున్నాను.

రుచి చూసేవాళ్లు ఒక్కొక్కరుగా కూర్చున్న అరల చిన్న కిటికీల్లోంచి గిన్నెలు లోపలికి వెళ్లాయి. డెన్మార్క్ నుంచి వచ్చిన పరీక్షాధికారి బిర్గిట్టె నా వెనకే నిలబడింది. రెండు నిమిషాలు గడవకముందే నాలుగో కిటికీలోంచి పళ్లెం వెనక్కి వచ్చేసింది.

"ఏమే అగాటినా, నేను వెర్రిదానిలా కనబడుతున్నానా?"

నున్సియా పిన్ని. డెబ్బై ఒక్కేళ్లు. మా అమ్మ బల్ల పక్కన ముప్పై ఏళ్లు తన బల్ల వేసుకున్న మనిషి.

"ఏదో ఒకటి ఎంచు పిన్నీ. నియమం అంతే."

"ఏది ఎంచను? మూడూ ఒకే కుండలోవి! నేనిక్కడికి లాటరీ ఆడటానికి రాలేదు."

బిర్గిట్టె మా భాషలోనే అడిగింది. "ఏమిటి సమస్య?"

అద్దాల ఇంజనీరు స్టెలియోస్ గబగబా అడ్డొచ్చాడు. "ఏం లేదు మేడమ్. పెద్దావిడ, జలుబు చేసినట్టుంది. ఆవిడ బదులు ఇంకొకరిని కూర్చోబెడదాం. ఏమంటావ్ అగాటినా?"

దారి దొరికింది. తలూపితే చాలు. కిటికీలోంచి పిన్ని నన్నే చూస్తోంది. పరీక్ష ముందురోజు వెల్లుల్లి కూడా ముట్టని మనిషి. తన నాలుక అబద్ధం చెప్పదని ఊరంతా చెప్పుకుని తిరిగే మనిషి.

"జలుబా? నాకా? ఒరేయ్ గ్రీకోడా, ఇటురా, నువ్వు పొద్దున ఏం తిన్నావో వాసన చూసి చెబుతాను!"

"ఆవిడకి జలుబేం లేదు," అన్నాను. "సీసా మార్చింది నేను."

చేతిసంచి తెరిచి అమ్మ సీసాను బల్ల మీద పెట్టాను. స్టెలియోస్ నెత్తి పట్టుకున్నాడు. బిర్గిట్టె మూత మీద అమ్మ రాత చదివింది, నా ముఖం చూసింది.

"ఎవరిది?"

"మా అమ్మది. ఇక లేదు."

"నివేదికలో మీ పేరు రాయక తప్పదు," అంది బిర్గిట్టె. "పరీక్ష గంటలో మళ్లీ పెడదాం. ఈసారి చెంచా నేను వేస్తాను."

పద్దెనిమిది చెంచాలు. గరిటెతో అడుగు గీకి మరీ తీసింది. నేను గది కిటికీ వైపు తిరిగి బయట అద్దాల వరసలు చూస్తూ నిలబడ్డాను.

ఫలితం మధ్యాహ్నానికి వచ్చింది. పట్టినవాళ్లు ఐదుగురే. యంత్రం గెలిచింది. స్టెలియోస్ కేకలు వేస్తూ అందరినీ కౌగిలించుకున్నాడు. గంటకు యాభై కిలోల మా అమ్మ స్ట్రాట్టు, పొగ లేకుండా. కొత్త డబ్బా ఒకటి తెరిచి, ఇప్పుడు అడ్డేముందని, చెంచాడు నోట్లో పెట్టుకున్నాను. బాగుంది. కాసేపు ఆగి చూశాను. బాగుంది, అంతే.

ఆ ఐదుగురిలో పిన్ని ఒకతె. బయట మెట్ల మీద కూర్చుని చెప్పులు తొడుక్కుంటోంది.

"ఎలా పట్టావు పిన్నీ?"

"మీ అమ్మదానికి అడుగున ఎండ ఎక్కువ. మాడినట్టు కాదే, మాడబోయే ముందు ఉంటుందే, ఆ రుచి. బల్ల అవతలి చివర దాకా మీ అమ్మకి చెయ్యి అందేది కాదు. అక్కడ కలిపేదే కాదు. సీసాలో ముందు ఆ చివరి ముద్దే వేసేసేది, ఎవరికీ కనబడకుండా."

"చెయ్యి ఎందుకు అందదు? నాకన్నా పొడుగు కదా."

"భుజం లేచేది కాదుగా, నువ్వు పుట్టిన ఏడాది నుంచీ. నీకు చెప్పలేదా?"

ముప్పై ఎనిమిదేళ్లు ఆ చేతి తిండి తిన్నాను, ఆ భుజం సంగతి ఒక్కసారీ గమనించలేదు. పిన్ని పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

"ఏ భుజం పిన్నీ?"

"ఎడమది," అంది పిన్ని.