సాయంత్రం సర్దుకునే పెట్టె

ఉదయం ఆయన డ్యూటీకి వెళ్ళగానే ఆమె పెట్టె తెరిచి బట్టలు బయటికి తీసేది. చీరలు బీరువాలో, జాకెట్లు కింది అరలో, దువ్వెన అద్దం దగ్గర, చెప్పులు గుమ్మం పక్కన. దీపాలు పెట్టే వేళకి అన్నీ మళ్ళీ పెట్టెలోకి వెళ్ళిపోయేవి. ఎవరూ ముట్టుకునేవారు కాదు. జిప్పు కూడా దానంతటదే మూసుకునేది.

విజిటర్‌గా వచ్చినవాళ్ళ పెట్టెలు అంతే. ఆ దేశంలో అది అందరికీ తెలిసిన సంగతే. ఎదురు ఫ్లాట్‌లో ఉండే నర్సు కూడా ఒకప్పుడు అలా వచ్చిందే.

"నా పెట్టె ఒకసారి మా అత్తగారి కట్టుడుపళ్ళు కూడా సర్దేసిందక్కా. ఆ పూటంతా ఆవిడకి నన్ను తిట్టడం కుదర్లేదు. ఆ ఇంట్లో నేను ప్రశాంతంగా అన్నం తిన్నది ఆ ఒక్క పూటే."

మరి ఎలా ఆగిందని ఆమె అడిగింది. నర్సు నవ్వు తగ్గించుకుంది. ఒకరోజు ఆగిపోయిందనీ, ఎందుకని తను అడగలేదనీ చెప్పి, డ్యూటీకి టైమైందంటూ లేచింది.

ఆయన ఆ దేశంలో లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. సెలవుల్లో ఊరొచ్చినప్పుడు ప్యాంటు పొడవు తగ్గించమని ఆమె టైలరింగ్ షాపుకొచ్చాడు. ప్యాంటు ఒక్కటే, కొలతలిచ్చింది నాలుగుసార్లు. మొగుడు పోయి కూతుర్ని ఒంటరిగా పెంచుకొచ్చిన మనిషి, జుట్టు నెరిసే వయసులో పెళ్ళంటే నలుగురూ ఏమంటారోనని ఆమె వెనకాడింది. కూతురే ముందుకు తోసింది. షాపు నేను చూసుకుంటాను, నేనేం చంటిపిల్లనా, నువ్వెళ్ళు అంది.

వచ్చింది. ఇక్కడ విజిటర్ పని చేయకూడదు. కుట్టుమిషన్ ముట్టుకోకూడదు. గదులు తుడిచి, వంట చేసి, ఆయన కోసం కిటికీ దగ్గర కూర్చునేది. ఆయన ఇంటికి రాగానే గ్రీజు చేతులతోనే ముందు పెట్టె వైపు చూసేవాడు. తర్వాతే ఆమె వైపు.

ఆఫీసరు ఒకసారి వచ్చి వెళ్ళాడు. వాళ్ళు సాయంత్రమే వస్తారు. పెట్టె తెరుస్తారు. ఖాళీగా ఉంటే ఉండిపోవచ్చని ముద్ర వేస్తారు. నిండుగా ఉంటే వెళ్ళిపోవాలి. ఆ రోజు పెట్టె నిండుగా ఉంది. ఆఫీసరు మర్యాదస్తుడు, చీరలు నలగకుండా మూత వేశాడు. మళ్ళీ వస్తాననీ, అప్పుడూ ఇలాగే ఉంటే తను చేయగలిగిందేమీ లేదనీ చెప్పాడు. ఒకసారి తిప్పి పంపితే మళ్ళీ రానివ్వరు. ఆయన ఉద్యోగం వదిలి వస్తే ఊళ్ళో లిఫ్టులున్న మేడ ఒక్కటీ లేదు.

ఆ రాత్రి అన్నాలయ్యాయి. కంచం తీస్తూ ఆయన, "నేనిక ఒక్కణ్ణీ ఉండలేను" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

కుట్టేసినది కదలదు కదా అని ఆమెకి తోచింది. టైలరుకి తప్ప ఇంకొకరికి రాని ఆలోచన. మర్నాడు పొద్దున్నే సూదీ దారం పట్టుకుని కూర్చుంది. చీరల అంచులు కిటికీ తెరలకి కుట్టింది. జాకెట్లు ఆయన చొక్కాలకి, చంకల దగ్గర, రెండు పేటల దారంతో, దగ్గర దగ్గరగా కుట్టింది. ఎన్నాళ్ళకో చేతులకి పని దొరికింది. సాయంత్రం నిలబడి చూసింది.

తెరలు కడ్డీతో సహా ఊడొచ్చి పెట్టెలోకి వెళ్ళాయి. వెనకే చొక్కాలు. ఆయన యూనిఫాం కూడా.

ఒకసారి మూసుకున్న పెట్టె ఆఫీసర్లకి తప్ప ఇంకెవరికీ ఉదయం దాకా తెరుచుకోదు. తెల్లవారి తెరుచుకున్నా కుట్లు విప్పే టైము లేదు. ఆయన రాత్రి వేసుకుని పడుకున్న బనీనుతోనే డ్యూటీకి వెళ్ళాడు. సూపర్‌వైజరు ఎగాదిగా చూసి, లిఫ్టు బాగుచేయడానికొచ్చావా, ఈతకొచ్చావా అన్నాడట. సాయంత్రం అది చెప్పి ఆయన నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఆమె మాత్రం ఆ ఉదయమే ఇంకొకటి చూసింది. బ్లేడుతో కుట్లు విప్పుతూ నేల మీద కూర్చున్నప్పుడు చేతిలోని జాకెట్టు మడత కేసి చూసి ఆగిపోయింది. రోజూ గబగబా తీసి సర్దేయడమే తప్ప మడత ఎప్పుడూ చూడలేదు. అది తన మడత కాదు. రెండు చేతులూ మెడలోంచి లోపలికి దోపి, గుండ్రంగా చుట్టి ఉంది. అలా మడిచే మనిషి లోకంలో ఒక్కతే. చిన్నప్పుడు, చేతులు బయటుంటే వాటికి చలేస్తుందమ్మా అనేది. గిరాకీల జాకెట్లు ముడతలు పడుతున్నాయని ఆమె ఎన్నిసార్లు మొట్టిందో.

కూతురు షాపు మూసే వేళ చూసుకుని ఆమె ఫోన్ చేసింది.

"అమ్మలూ, నా బట్టలు సర్దుతోంది నువ్వేనా?"



"కావాలని కాదమ్మా. షాపు మూసొచ్చి కూర్చుంటానా, ఏం తోచదు. చేతులు ఊరుకోవు."

"ఎదురుగా బట్టలేం లేకుండానే?"

"ఊఁ."

వచ్చేస్తానని చెప్పాలనుకుంది. నాలుక చివరిదాకా వచ్చింది. వంటింట్లో ఆయన ఆమె కోసం టీ వడకడుతున్నాడు, గ్లాసు చప్పుడవకుండా.

"ఆఫీసరు వచ్చి వెళ్ళేదాకా కాస్త ఆపగలవా, తల్లీ?"

"ఆపితే నువ్వక్కడే ఉండొచ్చా?"

"ఉండొచ్చు."

"బావుంటున్నావా అక్కడ? నిజం చెప్పు."

"బావుంటున్నాను."

"అయితే సరేలే. ఆపేస్తా." కొంచెం ఆగి అడిగింది. "తిన్నావా?"

మర్నాడు సాయంత్రం మొగుడూ పెళ్ళాం మంచం మీద పక్కపక్కన కూర్చుని బీరువా వైపు చూశారు. దీపాలు వెలిగాయి. ఒక జాకెట్టు చెయ్యి కదిలింది. కదిలి ఆగింది. పెట్టె నోరు తెరుచుకునే ఉండిపోయింది.

తర్వాత ఆఫీసరు వచ్చాడు. పెట్టె అడుగున అరచేత్తో తడిమాడు. ముద్ర వేసి, ఇక మీరు ఇక్కడివారే అమ్మా అని నమస్కారం పెట్టాడు. ఆయన ఏడుస్తూ నవ్వాడు. కింది ఫ్లాటువాళ్ళందరికీ తలుపు కొట్టి మరీ చెప్పొచ్చాడు. ఎదురింటి నర్సు వచ్చి ఆమెని కౌగిలించుకుంది. చాలాసేపు వదల్లేదు. 

ఆఫీసరు వెళ్ళాడు కదా, ఇవాళ కూతురు మళ్ళీ సర్దుతుంది అనుకుంది ఆమె. సాయంత్రం పెట్టె ఖాళీగానే ఉంది. ఆ మర్నాడూ ఖాళీయే. కనీసం ఒక చేతిరుమాలైనా ఉంటుందేమోనని మూలలు వెతికేది. ఆయన రాకముందే మూసేసేది.

ఆగలేక ఒకరోజు ఫోన్ చేసింది. అవతల ఆడపిల్లల నవ్వులు, మిషన్ల చప్పుడు.

"నువ్వే కదమ్మా ఆపమన్నావు" అంది కూతురు. గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బావుండేది. "మొదట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. ఏడుపొచ్చేది. ఇప్పుడు రావట్లేదు."

సాయంత్రాలు కుట్టు నేర్పుతోందట. చోటు చాలక వెనక గదిలో మంచం తీసేసిందట. "నీ మంచమేనమ్మా. నువ్వెలాగూ..." అని ఆగింది.

"మంచి పని చేశావు" అంది ఆమె.

ఎవరో పిల్ల అక్కా అని పిలిచింది. కూతురు మళ్ళీ చేస్తానంది.

ఫోన్ పెట్టేసి ఆమె బీరువా తెరిచింది. చేతికందినవన్నీ తీసి పెట్టెలో కుక్కింది. జిప్పు లాగి, పైన కూర్చుంది. కిటికీ అవతల వెలుగు తగ్గింది. కింద ఏదో కదిలింది. జిప్పు కొంచెం కొంచెంగా తెరుచుకుని ఒక చీర చెంగు బయటికొచ్చింది. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. చీర గుంజుకోలేదు. మెల్లగా, చంటిపిల్ల వేళ్ళు విడదీసినట్టు, ఆమె చేతుల్లోంచి జారి బీరువాలోకి వెళ్ళి హ్యాంగర్ మీద పడింది. దాని వెనక ఇంకొకటి. చప్పుడు లేకుండా, వరుసగా.

ఆయన తలుపు తీసుకుని వచ్చాడు. ఇప్పుడు ఆయన పెట్టె వైపు చూడడు. సూటిగా ఆమె మొహం వైపే చూస్తాడు. చూసి, చీకట్లో కూర్చున్నావేం అన్నాడు. లైటు వేశాడు.

"ఏం లేదు. ఇప్పుడే."

లోపల ఇంకో జాకెట్టు మిగిలింది. అది ఆమె బరువు కింద కాసేపు పెనుగులాడింది. దానికి దారివ్వడానికి ఆమె లేచి నిలబడింది.