వేలంలో సన్యాసమ్మ గొంతు

తన పాత టేబుల్ ఫ్యానుకి ఎవరైనా పాట పెట్టారేమో చూద్దామని బస్టాండు అనౌన్సర్ సన్యాసమ్మ వేలం సైటు తెరిచేసరికి, ఫ్యాను ఉండాల్సిన చోట ఆమె గొంతు అమ్మకానికి ఉంది.

ఫొటో బాగానే తీశారు. నల్లగుడ్డ మీద గొంతు పడుకుని ఉంది, తడితడిగా, తమలపాకంత. కింద వివరం: ‘ఆడ గొంతు. వాడినదే, పాడవలేదు. సాలూరు, రాజాం, పార్వతీపురం స్పష్టంగా పలుకుతుంది. వేలం సాయంత్రం బస్టాండులో లైట్లు వేసేదాకా.’

“ఓలమ్మో” అనబోతుంది. నోరు తెరుచుకుంటుంది గానీ శబ్దం రాదు. తెర మీద చిన్న అక్షరాలు మెరుస్తాయి: ‘ఒకరు నమూనా వింటున్నారు.’ అవి ఆరిపోయాక, లోపల మిగిలిపోయిన “ఓలమ్మో” బయటికొస్తుంది. అప్పటికి దాని అవసరం తీరిపోయింది.

ఈ బస్టాండులో పిలవందే బస్సు కదలదు. అది రూలు కాదు, బస్సుల స్వభావం. పిలుపు రాకపోతే ప్లాట్‌ఫారం దగ్గరే చక్రాలు మడిచి గేదెల్లా పడుకుంటాయి. రాజాం బస్సు ఇప్పటికే పడుకుంది. డ్రైవరు దాని మెడ నిమురుతున్నాడు.

గొంతు పోతే సన్యాసమ్మకి పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు. ఆమె మొహం చూసి ఆగినవాళ్ళెవరూ లేరు. గొంతు విని ఆగినవాళ్ళున్నారు. వెళ్ళాల్సిన ఊరి పేరు ఆమె నోట విని, ఆ ఊళ్ళో ఏదో మంచే జరుగుతుందనుకుని బస్సెక్కినవాళ్ళున్నారు. ఇంకొకరికి పనికొచ్చేది ఆమె దగ్గర అదొక్కటే.

పక్క పార్శిల్ కౌంటరులోంచి, ఆమెని అక్క వరసలో ‘అప్పా’ అని పిలిచే పైడిరాజు వస్తాడు. ఖాకీ చొక్కా, చేతిలో గమ్ము సీసా. ఆమె ఫోను తీసుకుని చూసి గమ్ము సీసా కింద పెడతాడు.

“గొంతు ఎవుడికిచ్చినావప్పా?”

“నానిచ్చినానేటి! ఫ్యాను కొంటానని ఎవుడో ఫోను సేసినాడు. సైటోడికి కమీషనెందుకు, బయట బయటే తేల్సుకుందామన్నాడు. నీ ఫోనుకి ఓ నెంబరొస్తాది, సదివి సెప్పమన్నాడు.”

“సదివినావా?”

“నా ముందు నెంబరెడితే సదవకుండా ఉంటానా? రెండుసార్లు సదివినాను.”

నెంబరు కింద ‘దీనిని ఎవరికీ చెప్పవద్దు’ అని ఉంది. ఆ వాక్యాన్ని కూడా ఆమె రెండుసార్లు చదివి వినిపించింది, మాట మాటకీ విరామమిచ్చి.

“ప్రయాణికులు గమనించగలరు అని కూడా అనీసినావేటి కొంపదీసి?”

సన్యాసమ్మ తల దించుకుంటుంది. “అలవాటురా.”

అమ్మేవాడి పేరు ‘నిఖార్సు ట్రేడర్స్’. పేరు పక్కన నక్షత్రాలన్నీ వెలుగుతున్నాయి. కొన్నవాళ్ళు మెచ్చుకుంటూ రాశారు. ‘ఇతని దగ్గర పొరుగింటాయన తుమ్ము కొన్నాను. ప్యాకింగ్ బాగుంది.’ ‘మా అత్తగారి కునుకు తీసుకున్నాం. ఫొటోలో కంటే చిన్నదే గానీ గట్టిది.’

“మంచి పేరున్నోడే అప్పా” అంటాడు పైడిరాజు.

“అన్నీ ఇయ్యాల పొద్దున్నే రాసినారు. ఒక్క పూటలో అంత మంచి పేరెలాగొస్తాదిరా?”

పైడిరాజు గమ్ము సీసా మళ్ళీ చేతిలోకి తీసుకుంటాడు. మొహం తుడుచుకుంటాడు.

ఈ సైటులో డబ్బు చెల్లదు. ఎవరి దగ్గర ఉన్నది వాళ్ళు పెట్టాలి. ఎవరో అరకువైపు మనిషి తన వర్షాకాలం పెడతాడు. ఆ వెంటనే ‘కొనేవాడు’ అనే పేరుతో ఒక పాట పడుతుంది: కుడి మోకాలి బలం. పైడిరాజు తన ఫోను జేబులో పెట్టుకుంటూ స్టూలు మీద కూలబడతాడు.

“ఏటైందిరా?”

“ఏట్నేదు. మోకాలు పట్టీసింది.”

సన్యాసమ్మ మైకు దగ్గర్నుంచి కిటికీకీ, కిటికీ దగ్గర్నుంచి మైకుకీ తిరుగుతుంది. సాలూరు బస్సుని పిలుద్దామని మీట నొక్కుతుంది. ‘ఒకరు నమూనా వింటున్నారు.’ సాలూరు బస్సు కాసేపు చెవులు రిక్కించి, నిట్టూర్చి, అది కూడా పడుకుంటుంది. జనం దాని కడుపుకి వీపులానించి కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు.

అరకు మనిషి వర్షాకాలానికి తోడు శీతాకాలం కలుపుతాడు. ‘నిజంగా కొనేవాడు’ అనే కొత్త పేరు వస్తుంది: నీడ, పూర్తి సైజు. కిటికీలోంచి ఎండ వాలుగా నేల మీద పడుతోంది. ఆ ఎండలో స్టూలు నీడ ఉంది. స్టూలు మీద మనిషి నీడ లేదు.

సన్యాసమ్మ నీడ వెతుకుతున్నట్టు కనపడకుండా వెతుకుతుంది.

మూడో పేరు ‘తప్పక కొనేవాడు’. ఎడమ చెవి పెడతాడు.

“రాజూ” అంటుంది ఆమె ఎడమవైపు నుంచి. పలకడు. కుడివైపుకి వెళ్ళి మళ్ళీ పిలుస్తుంది. “ఏటప్పా” అంటాడు వెంటనే.

“నానే పాడి నా గొంతు ఇడిపించుకోనా?”

“సీ, దొంగోడికి నువ్వు లాభం ఇయ్యడమేటి? ఆడితో మనమే మాటాడదాం. సైటెందుకు, బయట బయటే తేల్సుకుందాం.”

ఊళ్ళ పేర్లు విడగొట్టి పలికే చెవి ఆమెది. ‘బయట’కీ ‘బయటే’కీ మధ్య అతను పీల్చిన ఊపిరి ఫోనులో విన్న ఊపిరే.

ఆమె గదమదు. గదమడానికి కావలసిన గొంతుని ఆ నిమిషాన ఎవరో వింటున్నారు. కిటికీ వైపు తిరిగి సైటువాళ్ళకి రాస్తుంది: ‘అమ్మేవాడే మారుపేర్లతో పాట పెంచుతున్నాడు. మోకాలు, నీడ, చెవి ఒక్క మనిషివే. మనిషి నా ఎదురుగా స్టూలు మీద ఉన్నాడు.’

పంపించి వెనక్కి తిరిగేసరికి బస్టాండులో లైట్లు వేస్తున్నారు. అరకు మనిషి తన కాలాలన్నీ పెట్టేశాడు. ఆఖరి ట్యూబులైటు కొట్టుకుంటూ వెలిగేలోపు ఇంకో పేరు వస్తుంది, ఇంకో పాట పడుతుంది: ‘మిగిలినదంతా.’

స్టూలు మీద ఖాకీ చొక్కా నిటారుగా కూర్చుని ఉంది. గుండీలన్నీ పెట్టే ఉన్నాయి. లోపల ఎవరూ లేరు.

ఫోను మోగుతుంది. ‘అమ్మేవాడు తన సరుకు తానే కొనకూడదు. వేలం రద్దు. సరుకునీ, దాని మీద అతను పెట్టిన పాటలన్నిటినీ కలిపి సొంతదారుకి తిప్పి పంపుతున్నాం. అందినట్టు చెప్పగలరు.’

అందింది. మింగుడు పడని ముద్దలా గొంతులోకి వేడిగా, బరువుగా దిగుతుంది. సన్యాసమ్మ ఇంకెవరి కోసమూ ఆగదు. మైకు దగ్గరికి పరుగెత్తి మీట నొక్కుతుంది. ప్లాట్‌ఫారాల మీద బస్సులన్నీ తలలెత్తుతాయి. పార్వతీపురం అనడానికి ఆమె నోరు తెరుస్తుంది.

శబ్దం ఆమెదే. మాటలు ఆమెవి కావు.

“అందరూ ఇనండి. నాను పైడిరాజుని, పార్శిల్ కౌంటరు. అప్ప గొంతు కొట్టీసింది నానే. ఫ్యాను కొంటానని ముక్కు మూసుకుని ఫోను సేసింది నానే. అమ్మీడానికే ఎట్టినాను, అబద్ధం సెప్పను. మంచి పేరు నానే రాసుకున్నాను. దొంగ పాటలు నానే పాడినాను, రేటు పెరుగుతాదని. మద్దిన నమూనా ఇన్నాను. మల్లీ ఇన్నాను. ఇంకోడి ఇంటికి ఎల్లిపోతాదంటే తట్టుకోలేక నన్ను నానే ముక్కముక్క పెట్టీసినాను. ఇప్పుడు దీని లోపలున్నాను. ఇక్కడ సీకటిగా లేదప్పా. నాలిక పొడుగూతా బెంచీలేసున్నాయి. నువ్వింతకాలం పిలిచినోళ్ళంతా సంచులు ఒళ్ళో ఎట్టుకుని ఇక్కడే కూకున్నారు. ఒక్కరూ ఏ ఊరూ ఎల్లలేదు. నన్ను సూసి అందరూ లేస్తన్నారు. తప్పు నాదే, ఏ శిచ్చయినా ఎయ్యి. నోరు మాత్రం ముయ్యకప్పా, లోపల జనం ఉన్నారు.”