ఆయ్ అన్నాక ఎక్కాలి కదండీ

ముక్తేశ్వరం రేవులో జనం పొద్దున్నే రైలు చూసి పొయ్యి మీద ఎసరు పెడతారు. గోదాట్లో వంతెన స్తంభాలు లేచి చాలాకాలమైంది, పైన పట్టాలింకా పడలేదు. రైలు మాత్రం ఏడుంబావుకల్లా ఆ బోడి స్తంభాల మీంచే దడదడలాడుతూ మంగోలియా పోతుంది. మండువేసవిలోనూ దాని కప్పు మీద మంచుంటుంది. అది రాలితే రేవు దాటించే పంటులో ఆడవాళ్లు గిన్నెలు పట్టి నిమ్మకాయనీళ్లలో వేసుకుంటారు. ఆఖరి పెట్టెలోంచి గార్డు రోజూ తల బయటపెట్టి ఏదో అడుగుతాడు. ఏ భాషో ఎవరికీ తెలీదు. జనం చెయ్యూపుతారు, అతనూ ఊపుతాడు.

కామాక్షి రోజూ పంటు దాటి కోటిపల్లి బడిలో సోషల్ చెబుతుంది. ఇరవైరెండేళ్లుగా బోర్డు మీద దేశదేశాల రైలుమార్గాలు గీసింది గానీ ఒక్క సరిహద్దూ దాటలేదు. పాస్‌పోర్టు నాలుగేళ్లుగా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది, సిమ్ కార్డు కొన్నప్పుడొక్కసారి బయటికొచ్చింది పాపం. ప్రతి వేసవీ బయల్దేరబోతుంది, ఎవరో ఏదో అడుగుతారు, ఆమె నోరు "ఆయ్" అనేస్తుంది. కాదనడం ఆ నోటికి రాదు, ఏం చేస్తాం.

ఆవేళ బడికి ఆఖరిరోజు. కామాక్షి పెరుగన్నం, మాగాయ కేరియర్లో సర్దుతుంటే అన్నగారు వెంకటసాయిరాం వచ్చేడు.

"చెల్లాయ్, ఎల్లుండి నేనూ మీ వదినా కాశీ వెళ్తున్నాం. నెల్లాళ్లు ఆవు నీ పూచీ."

"ఆయ్."

"ఆ చేత్తోనే వడియాలు కూడా పెట్టేయమ్మా," అంది వెనకాలే వచ్చిన వదిన శ్రీలక్ష్మి.

"ఆయ్."

రేవు దగ్గర హెడ్మాస్టరు ఫోను. సెలవుల్లో క్లాసులు తీసుకోవాలట. "ఆయ్ అండీ!"

ఏడాదిగా కలగన్న ప్రయాణం మూడు ఆయ్‌లకి హరీమంది. పంటులో ఓ మూల కూర్చుని, పాస్‌పోర్టుని హ్యాండ్‌బ్యాగు అడుక్కి తోసేసింది.

"పంతులమ్మగారండీ, రైలొచ్చేత్తంది, గొడుగేస్కోండి," అన్నాడు పంటు నడిపే గంగబాబు.

గార్డు తల బయటపెట్టి రోజూ అడిగేదే అడిగేడు. అలవాటైన నోరు కదా, ఊరుకోలేదు.

"ఆయ్," అంది కామాక్షి.

రైలు ఆగిపోయింది. గార్డు నిచ్చెన దింపేడు.

"అయ్యో, నేనేదో అలవాటుకొద్దీ..."

"ఆయ్ అన్నాక ఎక్కాలి కదండీ," అన్నాడు గంగబాబు, పంటు నిచ్చెన కిందికి తెస్తూ. "పాపం ఆయనెన్నాళ్లనించి అడుగుతున్నాడు! మాట తప్పితే మనూరికే బాగోదు."

మర్యాద కోసం కామాక్షి ఎక్కింది.

మధ్యాహ్నానికి బర్మా టేకు అడవులు. థాయిలాండులో ఎక్కినావిడ మాగాయ రుచి చూసి కళ్లు తుడుచుకుని, అరటాకులో చుట్టిన బంకన్నం చేతిలో పెట్టింది. లావోస్ కొండల్లో సొరంగాలు లెక్కపెడుతూ నిద్రపోయింది. బోర్డు మీద సుద్దముక్కతో ఎన్నోసార్లు దాటిన చైనా మర్నాడు పొద్దుటినుంచి సాయంత్రందాకా తరగలేదు. పాస్‌పోర్టు మీద ముద్ర పడినప్పుడల్లా చిన్నపిల్లలా ఊదుకుని ఆరబెట్టుకుంది.

మంగోలియా సరిహద్దులో రైలాగింది. పక్కనే తిరుగురైలు కూత పెడుతోంది. ఫోను మోగింది.

"రైలెక్కేవటగా, గంగబాబు చెప్పేడు," అన్నాడు అన్నగారు. "రేపే మా ప్రయాణం. ఆవుకి కుడితెవరు పెడతారు? అక్కడ తిరుగురైలు ఉంటుందట, ఎక్కి వచ్చేయ్. సరేనా?"

కిటికీ అవతల గడ్డిమైదానం. కంచె లేదు, గట్టు లేదు, ఆకాశందాకా గడ్డే. అప్పుడే గార్డు వచ్చి ఎదురుగా నిలబడి, అదే మాట అడిగేడు. దానర్థం ఆమెకి ఈపాటికి తెలిసిపోయింది. వస్తారా, అని.

"ఆయ్!" అంది కామాక్షి, పెట్టెంతా వినబడేలా.

"అమ్మయ్య," అన్నాడు వెంకటసాయిరాం అటునించి.

"నీతో కాదన్నయ్యా," అంది కామాక్షి.

రైలు కదిలింది.