కాలువ పాఠానికి పదకొండు లైన్లు

పర్చూరు బళ్లో సోషలు చెప్పే జయకుమారి పిల్లల కోసం అప్పటికే మూడు చరిత్ర పుస్తకాలు రాసింది. నాలుగోది గుంటూరు ప్రెస్సులో ఉంది. 1984 మార్చిలో ఒక సాయంత్రం, మిరపకాయలకు తొడిమలు తీస్తున్న తల్లి ఎలీసమ్మకు ప్రూఫులు చదివి వినిపిస్తోంది.

వందేళ్ల కిందటి ధాత కరువు పాఠం వచ్చింది. 'కరువు బాధితులకు పని కల్పించేందుకు ప్రభుత్వం కాలువ తవ్వించింది.'

ఎలీసమ్మ చెయ్యి ఆగింది. "తవ్వించినోళ్లు సరే. తవ్వినోళ్లేరమ్మా?"

అప్పుడు చెప్పింది. ఎలీసమ్మ తల్లి ఆరేళ్ల పిల్లగా ఆ కాలువ పనిలో ఉందట. పదేళ్ల అక్క మట్టితట్ట దించి గట్టు మీద కూలబడి, మళ్లీ లేవలేదట. పిల్లను అక్కడే పూడ్చి, ఆ పూట కూలి పోతుందని పొద్దు గూకేదాకా మట్టి మోశారట. ఆ పిల్ల పేరు ఎలీసమ్మకు తెలియదు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే, నువ్వు రాజుల సంగతులు రాసుకుంటుంటే మధ్యలో మా గోలెందుకని ఊరుకున్నానంది.

జయకుమారికి కాలు నిలవలేదు. పొయ్యి మీద పప్పు మాడింది. ఆధారం లేనిది చరిత్ర కాదని ఏటా పిల్లలకు చెప్పేది తనే. అయినా ఆ పిల్ల సంగతి రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది. మర్నాడు సెలవు పెట్టి గుంటూరు బస్సెక్కింది. దారి పొడుగునా ఆ కాగితం తీసి చూస్తూనే ఉంది.

పబ్లిషరు వెంకటనారాయణ చదివి కళ్లజోడు తీశాడు. "బాగుందమ్మా. కానీ ఆధారమేది? రేపు ఎవరన్నా అడిగితే?"

"మా అమ్మేనండి. ఆవిడ వాళ్లమ్మ దగ్గర విన్నదని అందులోనే రాశాను. నమ్మాలో వద్దో పిల్లలే తేల్చుకుంటారు."

పేజీలో చోటు లేదన్నాడాయన. జయకుమారి కలం తీసి, ఒక రాజుగారి బిరుదుల పేరా మొత్తం అడ్డంగా కొట్టేసింది. అక్షరాలు కూర్చే కంపోజిటరు మీరా హుస్సేన్ లైన్లు లెక్కపెట్టాడు. పదకొండు పోయాయి, పదకొండు వచ్చాయి. వెంకటనారాయణ ఆ గీత వంక చూసి, కానిమ్మన్నాడు.

జూన్‌లో పుస్తకం వచ్చింది. కొందరు టీచర్లు ఏడుపు కథలు పిల్లలకెందుకన్నారు. ఆ మాట ఆమెను చాలా రోజులు తొలిచింది. ఆగస్టులో చినగంజాం నుంచి ఏడో తరగతి అమ్మాయి కార్డు రాసింది. తన నాయనమ్మకూ ఆ కాలువ సంగతులు తెలుసట. 'ఈ మధ్య మర్చిపోతోంది టీచర్‌గారూ, త్వరగా రండి.'

ఆ ఆదివారం జయకుమారి ప్రార్థన ముగియకముందే చర్చిలోంచి లేచి, నోటుపుస్తకం పట్టుకుని బస్టాండుకు నడిచింది.