షరీఫా బీ ఇంటి బాడుగ

గిడ్డయ్య నా బాడుగ తిన్నాడు, ఆరు నెలల బాడుగ, ఆదోనిలో, యాభై ఒకటో సంవత్సరంలో, ఇందులో తేల్చుకోవాల్సింది ఏమీ లేదు, వాడి పెళ్ళాం భీమక్క ఇప్పుడు నా వాకిట్లో నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకున్నంత మాత్రాన అది మారదు, ఏడేళ్ళకు మనిషి చిక్కిపోయింది, మెడలో గొలుసు మాత్రం కొత్తది, నేను తాడు పేనుతున్నాను, పేనుతూనే ఉంటాను, కూర్చోమని అనను, శేషన్నా, శేషన్నా అంటోంది, ఆయప్పకు ప్రాణం పోతా లేదన్నా, మూడు దినాలాయ, మా పుట్టింటికే తెచ్చుకున్న్యాను, ఈడే ఎమ్మిగనూరులోనే, రెండు సందులు దాటితే వస్తాది, నువ్వు వచ్చి నోట్లో ఇన్ని నీళ్ళు పోసి, నీ మీద నాకేం లేదు పోప్పా అని ఒక్క మాట అంటే పోతాడంట, అందరూ అదే చెప్తాండారు. పోకపోతే నాకేం, నార తడి ఆరిపోతోంది, ఆరితే పురి నిలవదు, కుండలో నీళ్ళు చల్లుకున్నాను, ఆ నీళ్ళను ఆమె ఎందుకో అట్లా చూసింది.

అప్పుడు ఈమె ఎర్రగా, నిండుగా ఉండేది, ముందు గది వాళ్ళది, వెనక గది మాది, వాకిలి ఒకటే, పొయ్యి ఒకటే, నా తిమ్మమ్మ రొట్టెలు తట్టి ఇస్తే ఈమె కాల్చేది, నేను జిన్నింగు మిల్లులో దూది మోసేవాణ్ణి, గిడ్డయ్య పక్క మిల్లులో బేళ్ళు కట్టేవాడు, ఇల్లు షరీఫా బీది, మొగుడు పోయిన మనిషి, పరదా వెనక నుంచి మాట్లాడేది, ఇంటికి ఒక్క చెయ్యే అనేది, ఎంతమంది ఉన్నా బాడుగ ఒక్కడే తేవాలి, నలుగురు మగవాళ్ళు నా గడప ముందు నిలబడకూడదు, ముందు దిగినవాడు గిడ్డయ్య కాబట్టి ఆ చెయ్యి వాడిది, మర్యాద గల ఆడమనిషి అనుకున్నాను, నెల పుట్టగానే నా సగం వాడి చేతిలో పెట్టాను, ఇచ్చినావా గిడ్డయ్యా అంటే, ఇచ్చినాన్లేన్నా, బీబమ్మ నిన్ను మెచ్చుకున్న్యాది, శేషన్న గడియారం మాదిరి మనిషి అన్న్యాది అని నవ్వేవాడు, ఆ పళ్ళు, ఇప్పుడవి ఊడి ఉంటాయి, నా సగాన్ని తన సగమని ఆమెకు ఇచ్చి, వెనక గదోడు ఇయ్యలేదమ్మా, తాగుబోతు అని చెప్పేవాడు, తన కూలి పేకాటలో పెట్టేవాడు. తిమ్మమ్మ ఒకసారి అడిగింది, నువ్వే పోయి బీబమ్మను అడగరాదా, వాని చూపు నాకు బాగలేదు అని, కసిరాను, మొగుడు లేని మనిషి గడపలో పోయి నిలబడమంటావా, బుద్ధి లేదా అని, బుద్ధి లేనిది ఎవరికో తర్వాత తెలిసింది.

ఏడుపు ఆపమ్మా భీమక్కా, పంచాయితీ రోజు నువ్వు నవ్వావు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వావు, నేను చూశాను, వీధి వాళ్ళంతా చేరారు, పెద్దమనిషి అయ్యన్న అరుగు మీద కూర్చున్నాడు, పరదా వెనక నుంచి షరీఫా బీ, ఆరు నెల్లు చూసినా బాబూ, సగం ఇల్లు ముఫత్‌గా పాయ, ఇంక ఓర్చేదానికి సబర్ లేదు, వెనక గది ఖాళీ చెయ్యమను అంది, నేను ఇచ్చాను అన్నాను, ఎవరికిస్తివి, వీడికి, ఎవరు చూసిరి, ఎవరూ చూడలేదు, అప్పుడు గిడ్డయ్య లేచి, మాటలెందుకప్పా, దీపం పెట్టండి, ఆర్పి చెప్తా, అబద్ధమైతే నా ఇల్లు ఇట్లే ఆరిపోనీ అన్నాడు, పెట్టారు, చేత్తో ఒక్క విసురు విసిరి ఆర్పాడు, మళ్ళీ వెలిగించి నా ముందు పెట్టారు, తిమ్మమ్మకు తొమ్మిదో నెల, పెళ్ళాం కడుపుతో ఉన్నవాడు దీపం ఆర్పకూడదు, నిజానికైనా ఆర్పకూడదు, మా వాళ్ళలో పసిపిల్లలకు కూడా తెలుసు, గిడ్డయ్యదీ మా కులమే, వాడికీ తెలుసు, తెలుసు కాబట్టే దీపం పెట్టమన్నాడు. బిడ్డ పుట్టినాక ఆర్పుతానప్పా అన్నాను, గుంపులో ఎవడో, అంటే అంతవరకు బాడుగ కూడా కడుపులోనే ఉంటాదా అన్నాడు, వీధంతా నవ్వింది, తిమ్మమ్మ నవ్వలేదు, నా చేతులనే చూస్తూ నిలబడింది, ఆర్పు అని చెబుతోందేమో అనుకున్నాను, ఆమె కోసమే గదా నేను ఆర్పనిది అని లోపల గర్వపడ్డాను.

ఆ సాయంత్రమే గది ఖాళీ చేశాం, వాన, అద్దె బండి, చట్టి, చాప, సజ్జల మూట, ఎమ్మిగనూరు దారి, ఆదోని కొండలు వెనక పడకముందే ఆమెకు నొప్పులు మొదలయ్యాయి, గోనెపట్ట కప్పాను, అది తడిసి బరువెక్కింది, బండివాడు ఎద్దులను తిడుతున్నాడు, ఆమె నా చెయ్యి పట్టుకుని అడిగింది, నిజం చెప్పు, నేనేమీ అనుకోను, దుడ్లు ఇచ్చినావా, ల్యాక తాగినావా, నా పెళ్ళాం అడిగింది, నాలుగేళ్ళు నాతో ఉన్నది అడిగింది, ఒళ్ళు మండింది, నీకు కూడా చెప్పాల్నా అనుకుని ముఖం తిప్పుకున్నాను, కోటేకల్లు దగ్గర మళ్ళీ అడిగింది, ఒక్క మాట చెప్పయ్యా అంది, దీపం ముందు అందరూ నన్ను అడిగారు, వాళ్ళకు చెప్పాను, ఆమెకు మాత్రం చెప్పలేదు, చెయ్యి వదిలించుకుని బండి దిగి నడిచాను, ఊరు చేరకముందే బిడ్డా పోయింది, ఆమే పోయింది.

భీమక్క ఇంకా నిలబడే ఉంది, మా పిల్లోళ్ళ ముఖం చూసైనా రాన్నా అంటోంది, నలుగురు కొడుకులు, దీపం ఆర్పినవాడికి నలుగురు, ఆర్పనివాడికి ఎవరూ లేరు, దీపానికి ఏమీ తెలియదు, ఆ మాట నాకు ఏడేళ్ళ కిందటే తెలుసు, ఒక్క మాట అన్నా, ఒక్క మాట అంటోంది ఈమె, తాడు నా చేతుల్లో ఆగిపోయింది, గిడ్డయ్య నా ఇల్లు తీసుకున్నాడు, నా పేరు తీసుకున్నాడు, అంతే, తిమ్మమ్మ నన్ను దొంగ అనుకుంటూ చావడం వాడి పని కాదు, వాడు ఆ బండిలో లేడు, నేనే ఉన్నాను, ఇచ్చాను అన్న ఒక్క మాటకు ఆమె ప్రాణం నిలిచేది కాదేమో, మనసు నిమ్మళంగా పోయేది, నా పెళ్ళానికి ఇవ్వని మాట వాడికి ఇస్తానా. పో అన్నాను. భీమక్క పోయింది. నార మళ్ళీ తడిపాను. వాడు ఎప్పుడు పోతాడో నాకు చెప్పవద్దు, ఎవరూ నన్ను అడగవద్దు, ఈ సంగతి ఇక నా నోట రాదు.